మీకు తెలుసా? దేవుణ్ణి వెనకేసుకొచ్చి చీవాట్లు తిన్నవాళ్లున్నారు

దేవుడు మంచివాడు, పైగా సర్వశక్తిమంతుడు. మరి లోకంలో ఇంత చెడు ఎందుకు, ఇన్ని కన్నీళ్లెందుకు? క్రైస్తవాన్ని వేధించినంతగా ఈ ప్రశ్న మరే మతాన్నీ వేధించలేదేమో. ఒకే దేవుడు, ఆయన ప్రేమామయుడు, ఆయన చేయి దాటి ఏదీ జరగదు అని ముందే గట్టిగా చెప్పుకుంటే తర్వాత తప్పించుకోవడం కష్టం. రెండు వేల ఏళ్లుగా ఎవరెవరు ఏమేం చెప్పారో కొంత చూద్దాం.

● ఎన్నో చర్చిల్లో ఆదివారం ఆరాధనలో చదివే విశ్వాస ప్రమాణంలో ఈ ప్రశ్నకు జవాబు లేదు. 325లో నీకయ సభ మొదలుపెట్టి, 381లో కాన్‌స్టాంటినోపుల్ సభతో ఇప్పటి రూపానికి వచ్చిందని చెప్పే ఆ ప్రమాణం దేవుడు సృష్టికర్త అంటుంది, క్రీస్తు పొంతి పిలాతు కాలంలో శ్రమపడ్డాడంటుంది, మృతులు లేస్తారంటుంది. చెడు ఎక్కణ్ణుంచి వచ్చిందో మాత్రం చెప్పదు. సాతాను పేరైనా ఎత్తదు. క్రీస్తు స్వభావం గురించి ఒక్క మాట కోసం దశాబ్దాల పాటు తగువులాడుకున్న బిషప్పులు చెడుకు కారణాన్ని నమ్మి తీరాల్సిన సూత్రాల్లో చేర్చలేదు. అందుకే ఒక జవాబుకు బదులు పది జవాబులు పుట్టాయి, వాటిలో వాటికి పడదు కూడా.

● దేవుడు చెడును ఆపాలనుకుంటున్నా ఆపలేకపోతున్నాడా, ఆపగలిగీ ఆపడం లేదా, లేక ఆ శక్తీ ఆ మనసూ రెండూ లేవా అని నిలదీసే వాదాన్ని నాస్తికులు నేటికీ గ్రీకు తత్వవేత్త ఎపిక్యూరస్ పేరు మీద చెబుతుంటారు. ఆయన రాతల్లో మనకు దక్కినవి బహు తక్కువ. ఈ వాదాన్ని ఆయన పేరుతో భద్రంగా మనకు అందించింది లాక్టాంటియస్ అనే క్రైస్తవ రచయిత! కాన్‌స్టాంటైన్ చక్రవర్తి కొడుక్కి చదువు చెప్పిన పండితుడాయన. దేవుని కోపం గురించి రాసిన పుస్తకంలో ఎపిక్యూరస్‌ను ఖండించడానికని ఈ వాదాన్ని పూర్తిగా ఎత్తి రాసుకున్నాడు. చెడు లేకపోతే మంచిచెడ్డలు తెలుసుకునే వివేకానికి పనే ఉండదన్నది లాక్టాంటియస్ ఇచ్చిన జవాబు. దాన్ని ఇప్పుడెవరూ తలుచుకోరు. ప్రశ్న మాత్రం బతికి బట్టకట్టింది.

● పదమూడో శతాబ్దపు థామస్ అక్వినాస్ తన మహాగ్రంథంలో ఏ విషయం ఎత్తుకున్నా ముందు ఎదుటివాళ్ల అభ్యంతరాలు రాసి తర్వాత తన మాట చెబుతాడు. దేవుడు ఉన్నాడా అన్న చోట ఆయన రాసుకున్న అభ్యంతరాలు రెండంటే రెండే. అందులో మొదటిది చెడు.

● తొలి శతాబ్దాల్లో కొందరు తేలికైన దారి పట్టారు. లోకాన్ని చేసిన దేవుడు వేరు, క్రీస్తు చెప్పిన తండ్రి వేరు అన్నాడు మార్సియన్. 144లో రోము సంఘం ఆయన్ని వెలివేసింది. వెలుగు, చీకటి అనే రెండు శక్తులు అనాదిగా పోరాడుతున్నాయన్నారు మానీ అనుచరులు. ఈ రెండో గుంపులో తొమ్మిదేళ్లు తిరిగిన కుర్రాడొకడు తర్వాత పడమటి క్రైస్తవానికి పెద్ద దిక్కయ్యాడు. ఆయనే 354లో నేటి అల్జీరియాలో పుట్టిన అగస్టీన్.

ఆయన జవాబు ఇది: చెడు అనేది ఒక వస్తువు కాదు, దేవుడు దాన్ని చేయలేదు. మంచి ఉండాల్సిన చోట లేకపోవడమే చెడు. ఇందుకు ఆయన చూపిన ఉదాహరణ పుండు. మానినప్పుడు పుండు ఒంట్లోంచి లేచి మరో చోటికి వెళ్లిపోదు. ఆరోగ్యం తిరిగొచ్చాక పుండు అనేదే ఉండదు. మరి ఆ లోటు ఎలా వచ్చింది? దేవుడు ఇచ్చిన స్వేచ్ఛను ముందు దేవదూతలు, తర్వాత ఆదాము హవ్వలు తప్పుగా వాడుకున్నారు, ఆ పతనం మనందరికీ అంటుకుంది అన్నాడు. పదహారేళ్ల వయసులో స్నేహితులతో కలిసి పక్కింటి తోటలో బేరిపళ్లు దొంగిలించిన సంగతిని తన ఆత్మకథలో పేజీల కొద్దీ తవ్వుకుంటాడు. ఆకలికి తినలేదు, పందులకు పడేశారు. ఏ లాభమూ లేని చోట కూడా మనిషి తప్పుడు పని ఎందుకు చేస్తాడన్నది ఆయనకు చివరిదాకా మింగుడు పడలేదు. వాండల్ సేనలు తన ఊరు హిప్పోను ముట్టడించి ఉండగా 430లో కన్నుమూశాడు.

అగస్టీన్ జవాబులో చిక్కు ఒకటుంది. క్యాన్సర్ నొప్పితో అల్లాడేవాడికి అది లేమి మాత్రమే అని చెబితే ఒప్పుకుంటాడా? తర్కం తప్పు కాకపోవచ్చు, కానీ అది మంచం పక్కన చెప్పే మాట కాదు.

● అగస్టీన్‌కు రెండు వందల ఏళ్లకు ముందే లియోన్ బిషప్పు ఐరేనియస్ ఆదామును వేరేలా చూశాడు. ఆదాము అన్నీ తెలిసిన సంపూర్ణుడు కాదు, ఇంకా ఎదగాల్సిన పసివాడు. అంటే మనిషి ఎత్తు నుంచి కింద పడలేదు, నిదానంగా పైకి రావాల్సి ఉంది. 1966లో ఇంగ్లండ్ తత్వవేత్త జాన్ హిక్ ఈ ఆలోచనను పట్టుకుని పెద్ద సిద్ధాంతమే కట్టాడు: లోకాన్ని దేవుడు విహార స్థలంగా చేయలేదు, మనుషులు తమను తాము దిద్దుకునే చోటుగా చేశాడు, ప్రమాదమే లేని చోట ధైర్యం పుట్టదు, కష్టమే లేని చోట కరుణ పుట్టదు. ఈ సిద్ధాంతానికి పేరు మాత్రం ఆయన కీట్స్ కవి 1819లో రాసిన ఉత్తరం నుంచి తెచ్చుకున్నాడు. కీట్స్ చర్చి మనిషి కాడు, క్షయతో పాతికేళ్లకే పోయాడు. మరి ఊపిరి పోసుకున్న రోజే పోయే పసికందు ఏం దిద్దుకుంది అంటే హిక్ దగ్గర ఒకటే జవాబు: ఈ పని చావుతో ఆగదు, చివరికి అందరూ గట్టెక్కుతారు. నరకం మీద నమ్మకం ఉన్న తోటి క్రైస్తవులకు ఇది రుచించలేదు.

● ఇక యోబు. బైబిల్లో 42 అధ్యాయాల ఈ గ్రంథం చదివినవాళ్లలో చాలామందికి గుర్తుండేది మొదటి రెండు అధ్యాయాలు, చివరి పది వచనాలు. అసలు సరుకంతా మధ్యలో ఉంది. సాతాను మొదటి రెండు అధ్యాయాల్లోనే కనిపిస్తాడు, ఆ తర్వాత మళ్లీ అయిపు ఉండదు. ఆస్తి, పదిమంది బిడ్డలు, ఆరోగ్యం అన్నీ పోయి బూడిదలో కూర్చున్న యోబును చూడ్డానికి ఎలీఫజు, బిల్దదు, జోఫరు అనే ముగ్గురు స్నేహితులొస్తారు. ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నోరు విప్పకుండా అతని పక్కన నేల మీద కూర్చుంటారు. వాళ్లు చేసిన మంచి పని అదొక్కటే. నోరు తెరవగానే మొదలైంది గోల: దేవుడు న్యాయవంతుడు, నువ్వు బాధపడుతున్నావు, కాబట్టి నువ్వేదో తప్పు చేసుంటావు. తానే తప్పూ చేయలేదంటాడు యోబు. దేవుడే వచ్చి నాతో వాదించాలని సవాలు చేస్తాడు. మాటలు మామూలుగా లేవు, ఒక్కో చోట దైవదూషణ అంచుదాకా వెళ్తాడు.

చివరికి సుడిగాలిలోంచి దేవుడు మాట్లాడతాడు. ఒక్క కారణమూ చెప్పడు! ప్రశ్నల మీద ప్రశ్నలు వేస్తాడు. సముద్రానికి గడియ పెట్టిందెవరు, కొండమేకలు ఎప్పుడు ఈనుతాయో నీకు తెలుసా, నిప్పుకోడికి తెలివి ఎందుకు తగ్గింది... పరలోకంలో సాతానుతో జరిగిన సంభాషణ సంగతి యోబుకు చివరిదాకా తెలియనే తెలియదు. ఆ తర్వాత అసలు మలుపు. దేవుడి కోపం యోబు మీద కాదు, తనను వెనకేసుకొచ్చిన స్నేహితుల మీద. తన గురించి సరిగ్గా మాట్లాడింది యోబే, మీరు కాదు పొమ్మంటాడు. ఏడు ఎద్దులు, ఏడు పొట్టేళ్లు బలి ఇచ్చుకుని, మీ కోసం ప్రార్థించమని ఆ యోబునే అడగమంటాడు. దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకునే ప్రతి ప్రసంగీకుడూ ఏడాదికోసారైనా చదువుకోవాల్సిన అధ్యాయం ఇది. కొసన యోబు గొర్రెలు ఏడు వేల నుంచి పధ్నాలుగు వేలయ్యాయి సరే, కొత్తగా పదిమంది బిడ్డలూ పుట్టారు సరే. పోయిన పదిమంది మాటేమిటని చదివిన తల్లి ఎవరైనా అడక్కమానదు. గ్రంథం ఆ ఊసెత్తదు.

● యేసు దగ్గరికీ ఈ ప్రశ్న రెండుసార్లు వచ్చింది. సిలోయములో గోపురం కూలి 18 మంది చనిపోయిన సంగతి లూకా సువార్తలో ఉంది. యెరూషలేములో అందరికంటే పాపులని వాళ్ల మీదే పడిందా అని తానే అడిగి కాదన్నాడు, ఆ వెంటనే మీ సంగతి మీరు చూసుకోండన్నాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూపించి, ఇతను పాపం చేశాడా, ఇతని అమ్మానాన్నలు చేశారా అని శిష్యులు అడిగితే ఎవరూ కాదన్నాడు. ఇంత స్పష్టంగా ఉన్నా, స్వస్థత సభల్లో మైకు ముందు నీకు విశ్వాసం చాలలేదు కాబట్టే జబ్బు తగ్గలేదని రోగిని నిలబెట్టి చెప్పేవాళ్లకు నేటికీ లోటు లేదు. ఎలీఫజు వంశం అంతరించలేదన్నమాట.

● షికాగో వకీలు హొరేషియో స్పాఫర్డ్ కథలోనూ ఆ వంశంవాళ్లు తగులుతారు. 1873లో అట్లాంటిక్‌లో ఓడ మునిగి ఆయన కూతుళ్లు నలుగురూ పోయారు, భార్య ఒక్కతే బతికింది. ఆ దుఃఖంలో ఆయన రాసిన పాట ఇంగ్లిష్ ఆరాధనల్లో నేటికీ వినిపిస్తుంది. చాలామంది కథ ఇక్కడితో ఆపేస్తారు. 1880లో పసివాడైన కొడుకూ జ్వరంతో చనిపోతే, ఇది దేవుడి శిక్షే అయి ఉంటుందని సంఘంలో గుసగుసలు మొదలయ్యాయి. మరుసటేడు భార్యాభర్తలు చిన్న బృందంతో యెరూషలేము వెళ్లిపోయి, అక్కడ మతం అడక్కుండా పేదలకు సాయపడే ఒక సమాజం పెట్టుకున్నారు. ఆ పాటకు 1876లో బాణీ కట్టిన ఫిలిప్ బ్లిస్ అదే ఏడాది డిసెంబరులో, వంతెన కూలిన రైలు ప్రమాదంలో భార్యతో సహా చనిపోయాడు.

● సాధ్యమైన లోకాలన్నిట్లో దేవుడు ఎంచుకున్నది ఇదే ఉత్తమం అని 1710లో రాశాడు జర్మన్ మేధావి లైబ్నిట్స్. ఇంతకంటే మంచిది కుదరదన్నాడే గానీ ఇక్కడంతా హాయిగా ఉందని ఆయన అనలేదు. కానీ ఆయన మాటను లోకం ఎలా గుర్తుపెట్టుకోవాలో నలభై అయిదేళ్ల తర్వాత ఒక భూకంపం తేల్చేసింది.

1755 నవంబరు 1, శనివారం. పోర్చుగల్ రాజధాని లిస్బన్‌లో సకల పరిశుద్ధుల పండుగ. పొద్దున తొమ్మిదిన్నర దాటేసరికి గుళ్లన్నీ జనంతో కిటకిటలాడుతున్నాయి, పీఠాల మీద కొవ్వొత్తులు వెలుగుతున్నాయి. భూమి కొన్ని నిమిషాల పాటు ఊగింది. కప్పులు ప్రార్థిస్తున్నవాళ్ల మీదే కూలాయి. బతికినవాళ్లు ఖాళీ జాగా కదా అని నది ఒడ్డుకు పరుగెత్తితే, కాసేపటికి సముద్రం వెనక్కి తగ్గి మళ్లీ వాళ్ల మీదికే వచ్చింది. కొవ్వొత్తుల నుంచి, పొయ్యిల నుంచి అంటుకున్న మంటలు రోజుల తరబడి ఆరలేదు. మృతులు పది వేలకు తక్కువ కాదని, ఇంకా ఎన్నో రెట్లు ఉండవచ్చని అంచనాలు. మతభ్రష్టుల్ని విచారించే ఇన్‌క్విజిషన్ భవనం కూడా నేలకూలింది.

అప్పుడు చూడాలి వివరణల జాతర. కాథలిక్కులు కొందరు, మతభ్రష్టులైన ఇంగ్లిష్ వ్యాపారుల్ని ఊళ్లో ఉండనిచ్చినందుకే ఇలా జరిగిందన్నారు. ఇంగ్లండ్‌లో మెథడిస్టు నాయకుడు జాన్ వెస్లీ ఆ ఇన్‌క్విజిషన్ చేసిన రక్తపాతాన్ని గుర్తుచేశాడు. ఒకే భూకంపానికి ఇరువైపులా ఎదుటివాడే కారణం! లిస్బన్‌లో గబ్రియేల్ మలగ్రీడా అనే జెస్యూట్ ఫాదరు, ఇది ప్రకృతి వల్ల వచ్చిందనడమే పాపమని, ఇళ్లు కట్టుకోవడం కంటే పశ్చాత్తాపపడటం ముఖ్యమని 1756లో పుస్తకం అచ్చేయించాడు. నగరాన్ని మళ్లీ కట్టే పనిలో తలమునకలైన మంత్రి, తర్వాత మార్క్విస్ ఆఫ్ పొంబాల్ అనిపించుకున్నవాడు, ఆయన్ని రాజధాని నుంచి పంపించేశాడు. ఆ తర్వాత రాజకీయాలు ముదిరి, 1761లో ముసలి మలగ్రీడాను అదే ఇన్‌క్విజిషన్ చేత గొంతు బిగించి చంపించి, దేహాన్ని తగలబెట్టించారు. లిస్బన్ కథను హేతువాదం గెలుపు అని చెప్పుకునేవాళ్లు ఈ భాగం మెల్లగా దాటేస్తారు.

అదే పొంబాల్ ఫాదర్లందరికీ ప్రశ్నల పట్టిక పంపాడు. భూమి ఎంతసేపు కదిలింది, ఎన్ని ఇళ్లు పడ్డాయి, సముద్రం ముందు పెరిగిందా తగ్గిందా? భూకంప శాస్త్రానికి తొలి మెట్టు ఇదేనంటారు. లైబ్నిట్స్ మాటను ఫ్రెంచి రచయిత వోల్టేర్ ముందు పద్యంలో, తర్వాత 1759లో ‘కాండీడ్’ కథలో ఉతికి ఆరేశాడు. కానీ నాకు బాగా నచ్చేది తత్వవేత్త రూసో వోల్టేర్‌కు రాసిన ఉత్తరం. ఆరేడంతస్తుల ఇళ్లు వేలకు వేలు ఒకేచోట కుక్కి కట్టింది ప్రకృతి కాదు కదా అని అడిగాడాయన. ప్రకృతి వల్ల వచ్చే కీడులోనూ మనిషి వాటా ఎంత అన్న లెక్క అక్కడ మొదలైంది.

● లిస్బన్ లాంటిదే మన పక్కన కూడా జరిగింది. 2004 డిసెంబరు 26, క్రిస్మస్ మర్నాడు, ఆదివారం. తెలుగువాళ్లూ ఏటా మొక్కులు తీర్చుకోవడానికి వెళ్లే తమిళనాడు వేళాంకణిలో సునామీ విరుచుకుపడింది. తీరాన ఉన్న యాత్రికులు వందల మంది కొట్టుకుపోయారు. బాసిలికా చెక్కుచెదరలేదు, లోపలున్నవాళ్లు బతికారు. చాలామంది దీన్ని మహిమగా చెప్పుకున్నారు. బతికినవాళ్ల కృతజ్ఞతను కాదనలేం. మరి ఇసుక మీద ఉన్న మొక్కుబడిదారుల సంగతేమిటి? ఆ సునామీ మీద 2005లో పుస్తకం రాసిన డేవిడ్ బెంట్లీ హార్ట్ అనే ఆర్థడాక్స్ క్రైస్తవ పండితుడు, ఈ చావుల వెనక దేవుడి రహస్య ప్రణాళిక ఉందని ఓదార్చేవాళ్ల మీదే విరుచుకుపడ్డాడు. ఆయన దృష్టిలో మరణం దేవుడి పనిముట్టు కాదు, శత్రువు.

● పరాన్నజీవి కందిరీగ గొంగళిపురుగు ఒంట్లో గుడ్లు పెడుతుంది, పిల్లలు దాన్ని లోపలినుంచి తింటూ పెరుగుతాయి. మంచి దేవుడు కావాలని దీన్ని సృష్టించాడంటే నమ్మలేకపోతున్నానని 1860లో డార్విన్ ఉత్తరం రాసింది ఎవరికో కాదు, భక్తుడైన వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రేకి. ఆదాము పుట్టకముందే కోట్ల ఏళ్లపాటు జంతువులు ఒకదాన్నొకటి తింటూ బతికాయి కదా. అన్ని వివరణలూ ఇక్కడ తడబడతాయి.

● 1955లో ఆస్ట్రేలియా తత్వవేత్త జె.ఎల్. మాకీ, మంచి దేవుడు, సర్వశక్తి, చెడు ఈ మూడూ ఒక ఒరలో ఇమడవని తర్కంతో తేల్చానన్నాడు. 1970ల్లో అమెరికా క్రైస్తవ తత్వవేత్త ఆల్విన్ ప్లాంటింగా బదులిచ్చాడు: స్వేచ్ఛ నిజమైన స్వేచ్ఛ అయితే, దాన్ని ఎవరూ ఎన్నడూ దుర్వినియోగం చేయని లోకాన్ని దేవుడు కూడా హామీగా చేయలేకపోవచ్చు. ఆ మూడింటి మధ్య తర్కవైరుధ్యం లేదని ఈ దెబ్బతో చాలామంది నాస్తికులూ ఒప్పుకున్నారు. అయితే ప్లాంటింగా దేవుడికి ఫలానా కారణం ఉందని అనలేదు, ఉండవచ్చు అన్నాడంతే. చెడు ఎందుకో చెప్పబోయే వివరణల్లో చాలావరకు పేలవంగా, పైపైన ఉంటాయని కూడా ఆయనే రాశాడు. 1979లో తత్వవేత్త విలియం రో కార్చిచ్చులో కాలి, రోజుల తరబడి బాధపడి, ఎవరి కంటా పడకుండా చచ్చిపోయే జింకపిల్లను ముందు పెట్టి, సరే, దీనివల్ల ఎవరికేం ఒరిగిందో చెప్పండన్నాడు. ఆ వాదన ఇంకా నడుస్తోంది.

● నార్నియా కథల రచయిత సి.ఎస్. లూయిస్ 1940లో బాధ గురించి చక్కని తర్కంతో పుస్తకం రాశాడు. బాధతోనే దేవుడు మనిషిని తట్టి లేపుతాడన్నాడు. 1960లో భార్య జాయ్ క్యాన్సర్‌తో పోయింది. మరుసటేడు ఎన్.డబ్ల్యు. క్లర్క్ అనే మారుపేరుతో చిన్న పుస్తకం వచ్చింది. అందులో మనిషి దేవుణ్ణి నిలదీస్తాడు, అనుమానిస్తాడు, తిడతాడు, మళ్లీ వెతుక్కుంటాడు. తర్కం ఎక్కడా కనబడదు. అది లూయిస్ పుస్తకమేనని ఆయన పోయాక అసలు పేరుతో అచ్చయినప్పుడు లోకానికి తెలిసింది. నాకైతే ఆ రెంటిలో రెండోదే నిజాయితీగా అనిపిస్తుంది.

● దేవుడైన తండ్రి బాధపడ్డాడనడం తొలి సంఘంలో తప్పుడు బోధ. ఇరవయ్యో శతాబ్దంలో అదే మాట గౌరవంగా తిరిగొచ్చింది. 1943 జులైలో హాంబర్గ్ మీద బాంబులు పడుతుంటే పక్కనే ఉన్న స్నేహితుడు ముక్కలైపోయాడు. పదిహేడేళ్ల యూర్గెన్ మోల్ట్‌మన్ బతికాడు. తర్వాత స్కాట్లండ్‌లో యుద్ధఖైదీగా ఉండగా ఎవరో ఇచ్చిన బైబిల్లో మార్కు సువార్త చదివాడు. మన చర్చిల్లో గుడ్ ఫ్రైడే నాడు ధ్యానించే, సిలువ మీద యేసు పలికిన ఏడు మాటల్లో నాలుగోది, విడిచిపెట్టావెందుకని తండ్రిని అడిగే ఆ కేక దగ్గర ఆగిపోయాడు. దేవుడు బాధకు కారణం చెప్పలేదు, బాధలోకే దిగాడు అన్నది 1972లో ఆయన రాసిన ‘సిలువ వేయబడిన దేవుడు’ పుస్తక సారం. 1989 నవంబరులో ఎల్ సాల్వడార్‌లో సైనికులు ఆరుగురు జెస్యూట్ ఫాదర్లను, వాళ్ల వంటమనిషిని, ఆమె కూతుర్ని కాల్చి చంపారు. ఒక శవాన్ని గదిలోకి ఈడ్చినప్పుడు అల్మారాలోంచి కింద పడి నెత్తుట్లో తడిసింది ఆ పుస్తకమే. ఇప్పుడది అక్కడి మ్యూజియంలో ఉంది.

● 2015 జనవరిలో మనీలాలో పన్నెండేళ్ల అమ్మాయి ఏడుస్తూ, పిల్లలు ఇన్ని బాధలు పడుతుంటే దేవుడెందుకు ఊరుకుంటాడని పోప్ ఫ్రాన్సిస్‌ను అడిగింది. జవాబు లేని ప్రశ్న అడిగింది ఈమె ఒక్కతే అన్నాడాయన. రాసుకొచ్చిన ప్రసంగం పక్కన పెట్టేశాడు.

● చివరగా ఒంగోలు. 1876–78 నాటి మహా కరువు. వానలు రాకపోవడం ప్రకృతి పని. ఆ కరువులోనే రిచర్డ్ టెంపుల్ దొర సహాయ పనుల కూలీని మనిషికి రోజుకో పౌను ధాన్యం, ఒక అణా దాకా కోసేయడం, భారత గోధుమలు బ్రిటన్‌కు ఓడలెక్కుతూనే ఉండటం మాత్రం మనుషుల పని. రూసో అడిగిన లెక్క ఇక్కడా సరిపోతుంది. ఒంగోలులోని అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లఫ్ కుర్రతనంలో సర్వేయరుగా పని చేసినవాడు. బకింగ్‌హామ్ కాలువలో మూడు మైళ్లకు పైగా తవ్వకం కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్న వేల మందికి కూలి పని ఇచ్చాడు. తిండి కోసం మతంలోకి వచ్చారన్న మాట రాకూడదని, ఎంతమంది అడిగినా కరువు సాగినంతకాలం బాప్తిస్మాలు ఆపేశాడు. కరువును ఆయన మనసులో ఎలా అర్థం చేసుకున్నాడో గానీ, సంఘంలో తలలు పెంచుకునే అదనుగా దాన్ని వాడుకోలేదు. గండం గడిచి సాయం పంచడం ముగిశాకే, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు.